మూడు వారాలకో సూది

గుండె జబ్బుల ఓపీలో కూర్చునే డాక్టరుకు ఆ మాట చెవిన పడని వారం ఉండదు. "బాగానే ఉంది కదా అని మానేశామండీ." చెప్పేది తల్లి. పక్కన పదహారు, పదిహేడేళ్ల పిల్ల. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటుంది. తల్లి చేతిలో నలిగిన చీటీ. పెనిడ్యూర్ సూది 21 రోజులకొకసారి అని ఎవరో డాక్టరు ఎప్పుడో రాసి, కింద గీత కూడా గీశాడు. మొదటి ఏడాది తేదీలు వరసగా ఉన్నాయి. రెండో ఏడాదికి ఎడం పెరిగింది. ఆ తర్వాత కాగితమంతా ఖాళీ. ఎకో తీస్తే మైట్రల్ వాల్వు దారి సన్నబడిపోయి కనిపిస్తుంది.

"అమ్మా, సూది ఆపమని ఎవరు చెప్పారు?" డాక్టరు గొంతు తెలియకుండానే పెరుగుతుంది. తల్లి జవాబు చెప్పదు, పిల్ల తల వంచుకుంటుంది. ఆ పిల్లను చూశాక కోపం నిలవదు, బాధే మిగులుతుంది.

ఈ రుమాటిక్ గుండె జబ్బు గొంతులో మొదలవుతుంది. స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. అది తగ్గిన రెండు మూడు వారాలకు కొందరిలో మోకాలు వాస్తుంది. అక్కడ తగ్గి చీలమండకు, అక్కడా తగ్గి మణికట్టుకు పాకుతుంది. సూక్ష్మజీవి మీదికి లేచిన ఒంటి రక్షణ శక్తి పొరబడి గుండె వాల్వులను కూడా గాయపరుస్తుంది. కీళ్లు పూర్తిగా బాగవుతాయి, వాల్వులు చాలామందిలో అలా బాగుపడవు. గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా ఆ గాయం మళ్లీ రేగే ప్రమాదం ఉంది. అందుకే ఆ చీటీలోని పెనిడ్యూర్, అంటే 12 లక్షల యూనిట్ల బెంజథీన్ పెనిసిలిన్ సూది, 27 కిలోల లోపు పిల్లలకు అందులో సగం. కండలో నెమ్మదిగా కరుగుతూ అది మూడు వారాలు కాపలా కాస్తుంది. ఆ సూది ఇప్పుడున్న నొప్పి కోసం కాదు, రాబోయే దాడిని ఆపడం కోసం. తల్లిదండ్రులకు అర్థం కావలసింది ఈ ఒక్క సంగతే, తీరుబడిగా చెప్పేవాళ్లు లేనిదీ దీనికే.

మన దేశంలో ఈ జబ్బు మీద జీవితమంతా పోరాడిన మనిషి డాక్టర్ ఎస్. పద్మావతి. దేశంలో తొలి మహిళా కార్డియాలజిస్టు అని అందరూ ఆమెను గౌరవంగా తలుచుకుంటారు. ఆ తొలి స్థానం కన్నా, గుండె జబ్బును ఆసుపత్రి గోడల బయట వెతికిన ఆమె పద్ధతిని ఎక్కువగా చెప్పుకోవాలి.

1917 జూన్ 20న బర్మాలోని మాగ్వేలో పుట్టారు. తండ్రి బారిస్టరు. మన ఉత్తరాంధ్ర పెద్దలు రంగం అని పిలిచే రంగూన్‌లోనే ఆమె వైద్యం చదివారు. 1942లో జపాన్ సేనలు బర్మాను ముంచెత్తినప్పుడు వేలాది తెలుగు కూలి కుటుంబాలు కట్టుబట్టలతో ఇటు తరలివచ్చాయి. అదే ఏడు పద్మావతి కూడా తల్లితో, అక్కచెల్లెళ్లతో కోయంబత్తూరు చేరారు. మగవాళ్లు అక్కడే ఉండిపోయారు. 1945లో యుద్ధం ముగిసేదాకా వాళ్ల జాడే తెలియలేదు.

1949లో లండన్ వెళ్లారు. ఆ పైన స్వీడన్, ఆ పైన అమెరికా. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హెలెన్ టాసిగ్ దగ్గర పనిచేసే అవకాశం వచ్చింది. పుట్టుకతో గుండె లోపమున్న పిల్లలకు 1944లో తొలిసారి జరిగిన బ్లాలాక్-టాసిగ్ ఆపరేషన్‌కు ఆలోచన ఇచ్చిన వైద్యురాలామె. వినికిడి దెబ్బతిన్నా, పసివాళ్ల ఛాతీ మీద వేళ్లు ఆన్చి గుండె చప్పుడును తెలుసుకునేవారు. తర్వాత హార్వర్డ్‌లో పద్మావతికి గురువు పాల్ డడ్లీ వైట్. గుండె జబ్బుకు వైద్యం ఎంత ముఖ్యమో, రాకుండా చూసుకోవడం అంత ముఖ్యమని ఊరూరా చెప్పిన మనిషి ఆయన. ఈ ఇద్దరి ప్రభావమూ ఆమె పనిలో చివరిదాకా కనిపిస్తుంది.

1953లో ఢిల్లీలో లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీలో చేరారు. ఆడవాళ్ల కోసం పెట్టిన కాలేజీ, ఆసుపత్రి అది. మరుసటేడే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో అక్కడ గుండె క్లినిక్కు, క్యాథ్ ల్యాబ్ మొదలుపెట్టారు. గుండెలోకి సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడి కొలవడం ఉత్తర భారతంలో అప్పటికి కొత్త విద్య. వేడి దేశాల్లో రుమాటిక్ గుండె జబ్బు అరుదని పాశ్చాత్య పుస్తకాలు రాస్తున్న రోజులవి. మన వార్డుల్లో మాత్రం ఆ మంచాలు ఖాళీ ఉండేవి కావు. చల్లని దేశాల్లో వాల్వు మూసుకుపోవడానికి దశాబ్దాలు పడితే, ఇక్కడ 20 ఏళ్లు నిండకముందే మూసుకుపోయేది. ఎయిమ్స్‌లో ఎస్.బి. రాయ్ బృందం 1963లో లాన్సెట్ పత్రికలో రాసింది సరిగ్గా ఈ చిన్న వయసు రోగుల గురించే.

పద్మావతి చూపు ఎంత దూరం వెళ్లేదో చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. ఊపిరితిత్తులు పాడై, ఆ భారంతో గుండె కుడివైపు ఉబ్బిపోయిన 127 మంది గురించి 1959లో ఆమె సర్క్యులేషన్ పత్రికలో రాశారు. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. బీడీ ముట్టని వాళ్లకు ఈ జబ్బేమిటని ఆరా తీస్తే, దారి వంటింటికి వెళ్లింది. పిడకలు, కట్టెల పొగ. పొగగొట్టం లేని పొయ్యి ముందు కూర్చున్న ఆడదాని గుండె గురించి ఆ రోజుల్లో అడిగినవాళ్లు ఎందరు?

1962లో ఆలిండియా హార్ట్ ఫౌండేషన్ స్థాపించారు. 1966లో ప్రపంచ కార్డియాలజీ మహాసభ ఢిల్లీలో జరగడం వెనక ఆమె శ్రమ ఉంది. 1967లో మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీ పగ్గాలు చేపట్టి, జి.బి. పంత్ ఆసుపత్రిలో కార్డియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. 1978లో పదవీ విరమణ. 1981లో నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రి నెలకొల్పారు. పద్మభూషణ్, పద్మవిభూషణ్ వచ్చాయి.

ఆమె మొదలుపెట్టిన నాటికీ నేటికీ వైద్యం చాలా ముందుకు వచ్చింది. మూసుకుపోయిన మైట్రల్ వాల్వును ఛాతీ కోయకుండా బెలూన్‌తో తెరవవచ్చు. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే 1980ల్లో ఇచ్చిన వరం అది. వాల్వు బెలూన్‌కు పనికిరాకపోతే మార్చవచ్చు. 1990 నుంచి తిరువనంతపురం శ్రీచిత్రలో ఎం.ఎస్. వలియత్తాన్ బృందం తయారుచేసిన వాల్వు వేలాది మంది పేదలకు అందింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కూడా ఈ ఆపరేషన్లకు డబ్బు కట్టింది. అయితే లోహపు వాల్వు వేశాక రక్తం గడ్డకట్టకుండా రోజూ ఆసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అది మానేసినా వాల్వు బిగుసుకుపోతుంది. ఆ పిల్లకు పెళ్లయి నెల తప్పితే, ఆ మాత్రతో బిడ్డకో ముప్పు, మాత్ర ఆపితే తల్లికో ముప్పు. సూది మానడంతో మొదలైన కథ ఎక్కడిదాకా వస్తుందో చూడండి.

మానేసేవాళ్ల మీద విసుక్కోవడం తేలిక. కానీ ఆ సూది చాలా నొప్పి. రెండు రోజులు కుంటాలి. దాని కోసం మూడు వారాలకోసారి కూలి పోగొట్టుకుని, పిల్లను బడి మాన్పించి బస్సెక్కాలి. తీరా వెళితే రియాక్షన్ భయంతో చాలా క్లినిక్కుల్లో వేయమంటారు. ధర తక్కువ మందు కాబట్టి తయారుచేసే కంపెనీలు కొద్ది, ఒక్కోసారి బజారులోనే దొరకదు. ఈలోగా ఊళ్లో ఆర్.ఎం.పి. ఒక నొప్పుల సూది పొడుస్తాడు, మోకాలు వాపు పొద్దుటికి తగ్గుతుంది. ఇక ఆ తల్లి ఎవరిని నమ్ముతుంది? పల్లె ఆరోగ్య కేంద్రంలో రియాక్షన్ వస్తే వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్, ధైర్యమున్న నర్సు ఉంటే ఎన్నో వాల్వులు నిలుస్తాయి. తప్పు తల్లిది ఒక పాలు, మన వైద్య వ్యవస్థది మూడు పాళ్లు.

2001లో, తన 84వ యేట, బ్రిటన్ నుంచి వెలువడే హార్ట్ పత్రికలో పద్మావతి రాసింది కూడా మన ఉపఖండంలో ఈ జబ్బు గురించే, దాన్ని రాకుండా ఆపడం గురించే. స్టెంట్లు, బైపాస్‌లు పతాక శీర్షికల్లో ఉన్న కాలంలో ఆమె పెనిసిలిన్ సూదిని వదల్లేదు. ఆమె కళ్ల ముందే, 2018లో, ప్రపంచ ఆరోగ్య సభ రుమాటిక్ గుండె జబ్బు మీద తీర్మానం చేసింది. 2020 ఆగస్టు 29న, 103 ఏళ్ల వయసులో, కోవిడ్‌తో ఆమె కన్నుమూశారు, తాను కట్టిన ఆసుపత్రిలోనే.

బడి ఈడు పిల్లలకు జ్వరంతో గొంతు నొప్పి వస్తే డాక్టరుకు చూపించండి. కీలు వాచి, తగ్గి, ఇంకో కీలుకు మారితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. సూది ఎన్నేళ్లు వేయించాలో వాల్వు పరిస్థితిని బట్టి ఉంటుంది. కొందరికి 18 ఏళ్లు వచ్చేదాకా, వాల్వు చెడినవాళ్లకు 40 ఏళ్ల దాకా, కొందరికి అంతకు మించి. ఎప్పుడు ఆపాలో ఎకో చూసి గుండె డాక్టరు చెప్పాలి, ఇంట్లో ఎవరూ నిర్ణయించకూడదు. ఇప్పటికే మానేసి ఉంటే, ఎన్నేళ్లయినా సరే, ఈ వారంలోనే తీసుకెళ్లి ఎకో తీయించి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టించండి.