నెమలి దుప్పటి కోటు

అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నాం గానీ, గంటన్నర దూరంలో ఉన్న డాల్టన్ అనగానే మనకు గుర్తొచ్చేది కార్పెట్లే. ఆ కార్పెట్ల వ్యాపారం పుట్టింది దుప్పటి లోంచి.

1895లో కేథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కోరా బట్ట మీద లావుపాటి నూలుదారంతో పూలు కుట్టి, దారాల కొసల్ని కుచ్చుల్లా కత్తిరించి, దుప్పటిని వేడినీళ్లలో ఉతికింది. బట్ట కుంచించుకుని కుచ్చుల్ని బిగపట్టేసింది. ముడి లేదు, జిగురు లేదు. 1900లో అలాంటి దుప్పటి రెండున్నర డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లెందరో ఇంటిపట్టునే ఈ పని చేసి నాలుగు డబ్బులు కళ్లజూశారు. ఆ దుప్పట్లను 41వ నంబరు హైవే పక్కన తాళ్ల మీద ఆరేసి అమ్మేవారు. వాటి మీద కుట్టిన పురివిప్పిన నెమళ్లు వరసగా కనబడేసరికి ఆ దారికి నెమలి వీధి అనే పేరు పడింది. కుచ్చులు కుట్టే మిషన్లు వచ్చాక కూడా, బట్ట మీద గీసిన గీత వెంట బట్టను నడిపింది మనిషి చేయే.

అలాంటి నెమలి దుప్పటి ఒకటి నాకు ఎస్టేట్ సేల్‌లో దొరికింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా అమ్మేస్తారే, అక్కడ. దుప్పటి కాళ్లవైపు చీకిపోయింది, అంచున వదలని మరక. నెమలి మాత్రం చెక్కుచెదరలేదు. అది వీపు మీదికి వచ్చేలా కత్తిరించి కోటు కుట్టాను.

కుట్టు పడే చోట కుచ్చులుంటే మిషన్ ముందుకు కదలదు. మార్జిన్‌లో ఉన్న ఒక్కో కుచ్చునూ చిన్న కత్తెరతో తీసేయాలి. మిగిలినవి జారిపోకుండా అంచు వెంట జిగ్‌జాగ్ వేయాలి. సూది లావుగా, కుట్టు పొడుగ్గా ఉండాలి. ఇస్త్రీ పెట్టకూడదు, కుచ్చులు అణిగిపోతాయి. పని అయ్యేదాకా ఇల్లంతా దూదే.

ఇప్పుడీ కోట్లు ఫ్యాషనయ్యాయి. చిన్న చిరుగైనా లేని దుప్పట్లను కూడా కోసేస్తున్నారు. నాకది మనసొప్పదు. మా అమ్మ బొంత కుట్టాలంటే చీకిన చీరలే ఏరేది, కట్టుకోదగ్గ చీర జోలికి పోయేది కాదు. ఈ దుప్పటి కుట్టినావిడ పేరు దాని మీద ఉండదు. ఆవిడ పనితనమే మిగిలింది.

మీకూ ఎక్కడైనా ఇలాంటిది దొరికితే, ముందు వెలుతురుకు పట్టి చూడండి. చిరుగులుంటే నిశ్చింతగా కోటు కుట్టుకోండి. లేకపోతే మంచం మీద పరుచుకోండి.