వెంట వచ్చే అక్షరం

డెస్క్‌టాప్ ప్రోగ్రాం తెరమీద తెలుగు చూపాలంటే ఫాంటు ఉండాలి. కంప్యూటర్లో ముందే ఉన్న ఫాంటును వాడుకోవచ్చు, లేదా ప్రోగ్రాం తన ఫాంటును తానే వెంట తెచ్చుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకేలా కనిపించవలసిన ప్రోగ్రాంకు రెండోదే సరైన దారి.

కంప్యూటర్లో ఉన్న ఫాంటులు వ్యవస్థను బట్టి మారుతాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. విండోస్ 8 నుంచి ఆ చోటు నిర్మలా యూఐది. విండోస్ 10లో గౌతమిని విడిగా దించుకోవాలి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంటుంది. లినక్స్‌లో ఎక్కువగా లోహిత్ తెలుగో, నోటో సాన్స్ తెలుగో కనిపిస్తుంది. గౌతమి కావాలని పేరుపెట్టి అడిగిన ప్రోగ్రాంకు మిగతాచోట్ల మరో ఫాంటు వస్తుంది, ఏదీ లేకపోతే ఖాళీ డబ్బాలు వస్తాయి. ఒక్కో ఫాంటులో ఒత్తులు ఒక్కో లోతుకు దిగుతాయి కాబట్టి, ఒకచోట సరిపోయిన బటన్‌లో మరోచోట ఒత్తు అడుగు తెగిపోతుంది.

వెంట పంపడానికి తెలుగులో ఇప్పుడు మంచి ఫాంటులకు కొరత లేదు. మండలి, గిడుగు, రామభద్ర, సురవరం, ధూర్జటి వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాళహస్తీశ్వరుణ్ణి కొలిచిన కవి పేరున్న ధూర్జటిని చిత్తూరు జిల్లా కోసం రాసిన ప్రోగ్రాం ఒకటి వాడుకుంటుందని అనుకుందాం.

మొదట ఫాంటు ఫైలును ప్రోగ్రాం ఫోల్డర్లోనో, ప్రోగ్రాంలోపలి వనరుగానో చేర్చాలి. తర్వాత ప్రోగ్రాం మొదలైనప్పుడే దాన్ని నమోదు చేయాలి. ఈ నమోదు ఆ ప్రోగ్రాం వరకే పరిమితం కావాలి. అలా చేస్తే కంప్యూటర్లో ఫాంటును ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, అడ్మిన్ అనుమతీ అడగనక్కర్లేదు. ఇందుకు విండోస్‌లో ప్రైవేట్ ఫాంటు ఏర్పాటు, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్, లినక్స్‌లో ఫాంట్‌కాన్ఫిగ్ ఉన్నాయి. క్యూటీ అనే ప్రోగ్రామింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి ఈ మూడింటి పనీ ఒకే ఫంక్షన్‌తో అయిపోతుంది. అప్లికేషన్ ఆబ్జెక్ట్ తయారైన తర్వాతే దాన్ని పిలవాలి. అది మైనస్ 1 తిరిగి ఇస్తే ఫాంటు ఎక్కలేదన్నమాట. వెబ్ పద్ధతుల్లో డెస్క్‌టాప్ ప్రోగ్రాంలు రాసే ఎలక్ట్రాన్‌లో వెబ్ పేజీకి రాసినట్టే సీఎస్ఎస్‌లో ఫాంటు దారి రాస్తే చాలు.

పొరపాట్లు ఎక్కువగా పేరు దగ్గర జరుగుతాయి. ఫైలు పేరు వేరు, ఫాంటు లోపల రాసి ఉన్న కుటుంబం పేరు వేరు. ప్రోగ్రాం అడగవలసింది కుటుంబం పేరు. దాన్ని ఊహించి రాయకుండా, ఫాంటు ఎక్కాక ప్రోగ్రాం చేతే చదివించాలి. ఫైలు దారిలో ఇంగ్లీషు అక్షరాల పెద్దాచిన్నా తేడాను విండోస్ సాధారణంగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. విండోస్‌లో నడిచింది లినక్స్‌లో ఆగిపోవడానికి ఈ తేడా తరచూ కారణమవుతుంది.

ఫాంటు ఎక్కినంత మాత్రాన తెలుగు సరిగా వస్తుందని కాదు. యూనికోడ్‌లో ‘శ్రీ’ అంటే శ, పొల్లు, ర, ఈకారం అనే నాలుగు సంకేతాలు. వాటిని కలిపి ఒక్క అక్షరంగా పేర్చే పనిని షేపింగ్ అంటారు. హార్ఫ్‌బజ్ వంటి ఇంజిన్ ఆ పని చేస్తుంది. అలాంటి ఇంజిన్ లేని గ్రాఫిక్స్ లైబ్రరీలో ఒత్తులు విడిపోయి పొల్లు విడిగా నిలబడుతుంది. ‘ఐరాల మండలం కాణిపాకం శ్రీ వరసిద్ధి వినాయకస్వామి క్షేత్రం’ అన్న మాటలు మంచి పరీక్ష. శ్రీ, ద్ధి, స్వా, క్షే, త్రం ఐదూ నిలబడితే షేపింగ్ పనిచేస్తున్నట్టే.

ఈ పేర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’లో కంటికి కనిపించని ఒక సంకేతం చేరిన తెలుగు అక్షరాన్ని చూపబోయి ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ యాప్‌లు కూలిపోయాయి. ఐఫోన్లలో ఈ లోపాన్ని ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. లోపం అక్షరంలో లేదు, దాన్ని పేర్చిన సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

చివరిగా లైసెన్స్. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న ఫాంటును అమ్మకపు ప్రోగ్రాంతో కూడా పంపవచ్చు, ఫాంటును ఒంటరిగా అమ్మకూడదు. కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ పాఠాన్నీ జతచేయాలి. విండోస్‌తో వచ్చిన ఫాంటును మాత్రం అలా పంచే హక్కు ఉండదు. తెలుగువారి కోసం ప్రోగ్రాం రాసేవారు ఫాంటును చివర చూసుకుందామని వదిలేయకుండా, మొదటి రోజే చేర్చి మూడు వ్యవస్థల్లోనూ పరీక్షించాలి.