గేటు బయట ఏముంది?

మా చెల్లికి ఇంజినీరింగ్ సీటు రెండు చోట్ల వచ్చింది. 2024 మే నెల అది. రెండూ అమృత విశ్వవిద్యాపీఠానివే. ఒకటి బెంగళూరులో సర్జాపుర రోడ్డు పక్కన కసవనహళ్లిలో, ఇంకొకటి కోయంబత్తూరు దగ్గర ఎట్టిమడైలో. రాసిన పరీక్ష ఒకటే, చేతికొచ్చే డిగ్రీ ఒకటే. ఇంక తేడా ఎక్కడ వెతకాలి? "పోయి చూసొద్దాం. నాలుగేండ్లు ఉండాల్సిన చోటు" అన్నాడు నాయన. నన్ను కూడా తోడు రమ్మన్నాడు.

నా కాలేజీని ఎవరూ చూసి ఎంచలేదు. ఇంటి నుంచి బస్సులో ఇరవై నిమిషాలు, ఆడపిల్లల కాలేజీ. అంతే, చేర్పించేశారు. (సార్లు, మేడమ్‌లు చదివి బాధపడొద్దు. చేరినాక నచ్చింది.)

ముందు సర్జాపుర పోయాం. మా చిన్నమ్మ వాళ్లుండేది అక్కడే. చిన్నాయన సెంట్రింగ్ మేస్త్రి. ఆ రోడ్డు మీద లేచిన అపార్టుమెంట్లలో ఎన్నింటికి ఆయన చెక్కలు కొట్టాడో ఆయనకే లెక్క తెలీదు. అమ్మ ధైర్యమంతా చిన్నమ్మ ఇల్లే. "పిల్లకు జ్వరమొస్తే చూసే దిక్కుంటుంది" అని అనంతపురంలో బస్సెక్కేదాకా చెప్తూనే ఉంది.

మరుసటి రోజు తెల్లారుజామున ట్యాంకర్ హారన్‌తో మెలకువొచ్చింది. ఆ ఏడు బెంగళూరు నీళ్ల కరువు మీకు గుర్తుండే ఉంటుంది. మార్చిలో జిల్లా అధికారులే ట్యాంకర్లకు ధర కట్టారు, ఆరువేల లీటర్లకు 600 రూపాయలని. చిన్నమ్మ వాళ్ల వఠారంలో బోరు ఎండిపోయింది. ఓనరు ట్యాంకర్ తెప్పించి సంపు నింపి, అరగంట నీళ్లు వదుల్తాడు. "బిందెలందుకోండి పాపా, మాటలు తర్వాత" అంది చిన్నమ్మ. నేనూ చెల్లీ రెండంతస్తులు మోశాం. కరువు మనకేం కొత్త కాదులెండి. కానీ పక్కనే అద్దాల మేడలుండగా మోయడం కొత్త.

పది గంటలకు బస్సు. కర్ణాటకలో ఆడవాళ్లకు 2023 జూన్ నుంచే ఉచితం. కండక్టరు ఆధార్ చూసి "ఆంధ్రానా?" అని టికెట్ కొట్టాడు. చుట్టూ అందరి చేతుల్లో గులాబీ టికెట్లు, మా ముగ్గురికీ డబ్బులు. (అప్పటికి మనకింకా స్త్రీశక్తి రాలేదు. అదొచ్చింది 2025 ఆగస్టులో.) దొమ్మసంద్ర, కొడతి దాటి పది కిలోమీటర్లకు పైనే ప్రయాణం. సగం దూరం బస్సు నడిచిందనడం కంటే నిలబడిందనడం న్యాయం.

క్యాంపస్ బాగుంది. భవనాలు, లైబ్రరీ, హాస్టలు, అన్నీ చూశాం. ఆ వివరాలు వాళ్ల పుస్తకంలో ఉంటాయి. నేను చూసింది గేటు బయట. జిరాక్సు షాపు, టీ అంగడి, పీజీ బోర్డులు, మెడలో ఐడీ కార్డులతో నడిచే ఆడపిల్లలు. కొంచెం పోతే కసవనహళ్లి చెరువు. అంగట్లో నేను వచ్చీరాని కన్నడంలో తడుముకుంటే అంగడాయన తెలుగులోనే జవాబిచ్చాడు.

మరుసటి వారం కుర్లా-కోయంబత్తూరు రైలెక్కాం. అది మన ఊరి మీదుగానే పోతుంది. ఎట్టిమడైలో దిగగానే నాకు నోట మాట రాలేదు. కాలేజీ వెనకాల గోడ కట్టినట్టు కొండలు. పాలక్కాడు కనుమ గాలి చున్నీని నిలవనీయలేదు. రైలు స్టేషను ఎంత చిన్నదంటే, రైలు పోయినాక పక్షుల అరుపులే. ఆ పట్టాల మీదికి ఏనుగులొస్తాయట. వాటిని కెమెరాలతో కనిపెట్టి రైలు నడిపేవాళ్లను హెచ్చరించే ఏర్పాటు ఆ ఫిబ్రవరిలోనే పక్కన మదుక్కరైలో పెట్టారు. "చూడవే, నువ్వు చదవబోయే ఏఐ ఇదే కదా! ఇక్కడే చేరు" అన్నాను. రెండు రోజులు వదలకుండా అదే పాట పాడాను. కొండలు, గాలి, నిశ్శబ్దం. ఆదివారం పూట చిన్నమ్మ ఇంటికి హాజరు వేయించుకునే పని లేదు. అమ్మకు కోపమొచ్చింది. "దానికి లేనిపోనివి ఎక్కించొద్దు" అని నామీద అరిచింది.

చెల్లి ఏం మాట్లాడలేదు. తిరుగు రైల్లో, అందరూ పడుకున్నాక చెప్పింది.

"అక్కా, ఆ కొండలు నాకూ నచ్చినాయి. కానీ ఆడ గేటు దాటితే యాడికి పోవాల? ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లు. సర్జాపుర రోడ్డు గలీజుగానే ఉంది, కానీ ఆడ అందరూ ఏదో పని మీద పోతా ఉన్నారు. నేను ఆ గుంపులో నడవాల. నీకు కావాల్సింది నాకు చెప్తాండావు నువ్వు."

నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నిద్రపోయానని అనుకుంది.

ఇప్పుడు చెల్లి కసవనహళ్లిలో రెండో ఏడు. చిన్నమ్మ ఇంటికి నెలకొకసారి పోతే గొప్ప, ట్రాఫిక్ అంటుంది. ఫోన్ చేస్తే వెనకాల హారన్లే. నా మాట దానికి సగం వినపడదు.

ఎట్టిమడై కొండ ఫొటో నా ఫోన్‌లోనే ఉంది. నాకిది ఆఖరు సంవత్సరం. ఎం.ఏ. తెలుగు ఏయే యూనివర్సిటీల్లో ఉందో, ఏది ఇంటికి ఎంత దూరమో ఒక కాగితం మీద రాసుకున్నాను, దూరంగా ఉన్నవి పైన. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇది చదివినవాళ్లెవరూ మా ఇంటికొచ్చినప్పుడు నోరు జారొద్దు.