దాచాల్సింది లింకు కాదు వదినా

వదినా, ఆ బిందె కాసేపు గట్టు మీద పెట్టి ఇటు రా. అన్నయ్య ఫోను సంగతి చెప్పాలి. మాగాణిలో చల్లిన మినుముకి పల్లాకు తెగులొస్తే తెల్లదోమని ఎట్లా ఆపాలో, లాం ఫారం వాళ్ళ ఎల్‌బీజీ 787 రకం ఆ తెగుల్ని ఎంతవరకు తట్టుకుంటుందో, ఎక్కడ మంచి వ్యాసం కనబడినా ఆ లింకు తన నంబరుకే తను వాట్సాప్ చేసుకుంటాడు కదా. నిన్న అవసరం పడి నొక్కితే పేజీ లేదు. లింకు మాత్రం ఉంది. మనిషి ఎంత ఉసూరుమన్నాడో!

లింకంటే ఆ రాత ఉన్న ఇంటి అడ్రసే. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే అడ్రసుతో ఏం చేసుకుంటాం?

అయినా ఒక్కోటీ చేత్తో పంపుకోవడం ఎందుకు చెప్పు. చాలా సైట్లకి ఫీడ్ ఉంటుంది. ఆర్‌ఎస్‌ఎస్ అంటారు, 1999 నుంచీ ఉన్న పద్ధతే. కొత్త రాత పడగానే దాని పేరు, తేదీ, లింకు అందులో చేరతాయి. ఫీడ్లీ లాంటి యాప్‌కి ఒక్కసారి సైటు పేరు చెబితే చాలు, అదే వెళ్ళి చూసి కొత్తవి తెచ్చిపెడుతుంది. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక, 2009లో వచ్చిన పుస్తకం.నెట్ నాకు అట్లాగే అందుతాయి. ఒకప్పుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సైట్లు కూడా ఎక్కడెక్కడి తెలుగు రాతల్నీ ఈ ఫీడ్లతోనే ఒకచోట చేర్చేవి. వాటి మీద నాకిప్పటికీ బెంగే.

వార్తల సైట్లు మాత్రం అందులో కలపొద్దని చెప్పు అన్నయ్యకి. పూటపూటకీ కుప్పలుగా వచ్చి పడితే, కావాల్సిన వ్యాసం అడుగుకి పోతుంది. నిదానంగా రాసేవాళ్ళవి చాలు.

ఇంకో మెలిక ఉంది. కొన్ని ఫీడ్లు వ్యాసం మొత్తం ఇస్తాయి. కొన్ని రెండు వాక్యాలిచ్చి, ‘ఇంకా చదవండి’ అని ఆపేస్తాయి. ఆ రెండో రకం ఎన్ని దాచినా మిగిలేది మళ్ళీ లింకే. అప్పుడు రాతంతా దించుకోవాలి. పాకెట్ అనే యాప్ ఆ పనే చేసేది. 2007లో రీడ్ ఇట్ లేటర్ అన్న పేరుతో మొదలై, 2017లో మొజిల్లా చేతికి వచ్చి, 2025 జులై 8న మూతపడింది. ఫీడ్లు చదివిపెట్టే గూగుల్ రీడర్ అయితే 2013 జులై 1నే పోయింది. అందుకని నేను నచ్చిన వ్యాసాన్ని పీడీఎఫ్ చేసి ఇంట్లో హార్డ్ డిస్కులో పెడతా. ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లోనూ ఎక్కిస్తా. ‘సేవ్ పేజ్ నౌ’ అని ఉంటుంది, అడ్రసు అతికించి నొక్కడమే. పైసా అడగరు.

మన భాషకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి వదినా. యూనికోడ్ అలవాటు కాకముందు మన పత్రికల సైట్లలో ఎవరి ఫాంటు వాళ్ళదే. అప్పటి పేజీ దాచినా, ఆ ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గీతలు. పద్మ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక హంగు చేశారు, అది ఆ రాతని యూనికోడ్‌లోకి మార్చేది. పుణ్యాత్ములు, ఎవరూ అడక్కుండానే అంత శ్రమపడ్డారు.

దాచడం ఎట్లాగో వేటపాలెం వాళ్ళని చూసి నేర్చుకోవాలి. మన పిట్టలవానిపాలెం నుంచి అదెంత దూరం చెప్పు! బాపట్ల, చీరాల దాటితే వచ్చేస్తుంది. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. స్వాతంత్ర్యం రాకముందు నాటి పత్రికలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. చెదలు పట్టే కాగితాన్నే అంత ఓపిగ్గా కాపాడుకున్నారే, నొక్కితే దాగే రాతని మనం పోనిస్తామా?

సాయంత్రం అన్నయ్యని ఫోను తీసుకుని రమ్మను. ముందు ఆ పోయిన మినుము వ్యాసం అడ్రసు వేబ్యాక్‌లో వేసి చూద్దాం. ఎవరైనా ఎప్పుడన్నా ఎక్కించి ఉంటే దొరుకుతుంది. దొరికిందా, అక్కడికక్కడే పీడీఎఫ్ చేసిస్తా.