మునేటి దాపు నుంచి అక్కయ్యకి

నందిగామ, గురువారం రాత్రి

అక్కయ్యా,

క్షేమంగా చేరాను. కీసర టోల్‌గేటు దగ్గర బస్సు చాలాసేపు ఆగిపోయింది. లాడ్జికొచ్చేసరికి నడుం పట్టేసింది, గొంతు గరగరమంటోంది. ఇటంతా ఇప్పుడు మిరప కోతలు. రోడ్డు పక్క కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, కిటికీ తీస్తే దగ్గే. గుంటూరు వాళ్లకి మిర్చి ఘాటు ఓ లెక్కా అంటారు బావగారు, నాకు తెలుసు. మిర్చియార్డు పక్కనుంచి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లేది ఎవరో ఆయన్నే అడుగు.

అమ్మ రాత్రి మాత్ర మర్చిపోతోంది, నువ్వే దగ్గరుండి వేయించు. రేపు రాఘవాపురం చూసుకుని జగ్గయ్యపేట పిన్ని దగ్గరికి వెళ్తాను.

జగ్గయ్యపేట, ఆదివారం

అక్కయ్యా,

రెండ్రోజులుగా జ్వరం, అందుకే రాయలేదు. పిన్ని మిరియాల కషాయం పట్టించింది, ఇవాళ నయం. పిన్నికి మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, నోరు కూడా అలాగే ఉంది. “మీ అక్క ఫోన్ చెయ్యదేం, నేను పోయాక చేస్తుందా” అని నీ మీద కంప్లయింటు. ఇవాళే చెయ్యి.

రాఘవాపురం సంగతి చెప్పాలి. నందిగామ సెంటర్లో ఆటో అతను రెండొందలన్నాడు. తిరుగు బేరం దొరకదన్నాడు, ఎండన్నాడు. నేను నూరు దాటనన్నాను. మాటా మాటా పెరిగింది. ఇంతలో ఓ పెద్దావిడ, చంకలో బియ్యం సంచీ, చేతిలో తోటకూర కట్టలు, “వందనాలమ్మా, నేనూ అటే, కలిసి పోదాం రండి” అంటూ ఎక్కి కూర్చుంది. కూర్చుని అతన్ని, “ఏం నాయనా, పాపకి జ్వరం తగ్గిందా?” అని అడిగింది. అంతే, అతని గొంతు దిగిపోయింది. పాప సంగతి చెబుతూ బండి స్టార్ట్ చేశాడు. దిగేటప్పుడు నూటయాభైకి ఒప్పుకున్నాడు.

ఆవిడ అటుపక్క ఓ చిన్న సంఘానికి పాస్టరు గారి భార్య. ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ‘అమ్మగారే’. నన్ను భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. దోసకాయ పప్పు, కొత్త పండుమిరపకాయ పచ్చడి, గడ్డపెరుగు. ఆ పచ్చడిలో మెంతిపిండి ఎంత పడాలో అంత పడింది. జలుబుతో చచ్చిన నాలిక మళ్లీ లేచింది. మన ఇంట్లో పచ్చడిలో ఏం తక్కువో ఇప్పుడు నాకు తెలిసింది, వచ్చాక మాట్లాడుకుందాం.

తింటూండగా ఓ కూలామె వచ్చి గడప దగ్గర కూర్చుంది. పొద్దున్నించి కాయలు కోసిన చేతులు, గోళ్ల సందుల్లో కూడా ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అమ్మగారు చెయ్యి కడుక్కొచ్చి, కొబ్బరినూనె గిన్నె ముందు పెట్టుకుని, ఒక్కొక్క వేలూ పట్టి, వేళ్ల మధ్య కూడా రాసింది. ఏం మాట్లాడలేదు. ఆ కూలామే నాతో మాట కలిపింది. వాళ్ల అత్త మంచాన పడ్డప్పుడు అమ్మగారే రోజూ వచ్చి ఒళ్లు తుడిచి, దుప్పట్లు ఉతికి పెట్టిందట. “దేవుడి మాట ఒక్కటెత్తలేదమ్మా. మా అత్త పోయినాక నేనే అడిగా, నీకింత ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందని. అప్పుడు చెప్పింది.” ఇప్పుడు శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వస్తోంది. బాప్తీస్మం ఇంకా తీసుకోలేదు, మొగుడికి ఇష్టం లేదట. మరి మీరేమంటారని అమ్మగారిని అడిగాను. “తొందరేముందమ్మా, ముందు ఆయనతో తగువు పడకుండా ఉండమన్నా” అంది.

రాఘవాపురం కోసం అంత దూరం ఎందుకన్నావు కదా. మనకి గుంటూరులో 1842లో వచ్చిన మిషనరీ హేయర్ దొర ఎలాగో, ఈ మెట్ట ఊళ్లకి పాగోలు వెంకయ్య అలాగ. తేడా ఏమిటంటే వెంకయ్య దొర కాదు, రాఘవాపురం మాలల్లో పెద్ద. దోపిడీ ముఠాకి నాయకుడని కూడా చెప్పుకుంటారు. విగ్రహాల మీద నమ్మకం పోయి, నువ్వెవరివి, ఎక్కడున్నావు, కనబడమని దేవుణ్ణి పేరు తెలియకుండానే అడుక్కున్నాడట. బెజవాడ కృష్ణ ఒడ్డున స్నానాల రేవులో ఓ బ్రాహ్మడు, ఇలాంటి మాటలే చెప్పే దొర ఒకడున్నాడని దారి చూపించాడని అంటారు. ఆ దొర డార్లింగ్, చర్చి మిషనరీ సొసైటీ మనిషి. 1859లో వెంకయ్య బాప్తీస్మం తీసుకున్నాడు. ఆ తరవాత చుట్టుపక్కల పల్లెలు కదిలాయి. డార్లింగ్ ప్రసంగాలకంటే వెంకయ్య మారడమే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. అతను ముందు ఎలాంటివాడో వాళ్లందరికీ తెలుసు. కర్ర చూసి భయపడ్డ గుమ్మాల్లోకే అతను చేతులు జోడించుకుని వస్తే, ఇతనికేమైందని అడగకుండా ఎవరుంటారు?

తరవాత ఈ ఊళ్లు డోర్నకల్ అధ్యక్ష మండలం కిందికొచ్చాయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు, బాప్తీస్మం పుచ్చుకున్న వాళ్ల చేత తమ తలమీద తమ చెయ్యే పెట్టించి, సువార్త చెప్పడం తమ బాధ్యతని ఒప్పించేవారు. చదువురాని కూలీలు ఏం చెబుతారని కొందరికి అనుమానం. కానీ తాగుడు మానిన ఇల్లు, పెళ్లాన్ని కొట్టని మగాడు, శుభ్రమైన వాకిలి ఎదుటివీధి రైతులకి రోజూ కనబడేవి. ఆ మాలమాదిగ పేటల్ని చూసే పైకులాల వాళ్లు కూడా కొందరు సంఘాల్లో చేరారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, రాత్రి పిన్ని ఇంటికి దగ్గర్లో పదకొండింటిదాకా మైకులో ప్రార్థన. పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లాడున్నాడు, ఎదురింట్లో బాలింత. మైకులో వినబడేది ప్రేమ గురించే, కానీ ఆ బాలింతకి నిద్ర లేదు. నాకు బాధేసింది అక్కయ్యా. ఆ బాలింతకి ఓ పూట పథ్యం వండిపెడితే సరిపోయేది కదా.

ధనంబోడు స్తూపం చూశాను, సున్నపురాతి శిల్పాలు చాలావరకు మద్రాసు మ్యూజియంలోనే ఉన్నాయి. వేదాద్రికి వెళ్లే ఓపిక లేదు. సిమెంటు లారీల దుమ్ముకి దగ్గు మళ్లీ మొదలైంది.

మంగళవారం బయల్దేరతాను. ఒక్క విషయం, బావగారితో నెమ్మదిగా చెప్పు. ఆ కూలామెకి ఎడమ కంట్లో శుక్లం. గుంటూరులో ఆపరేషన్ చేయించుకోవాలట, తోడు అమ్మగారే వస్తుంది. ఇద్దరినీ మన ఇంట్లోనే దిగమన్నాను. ముందుగది ఖాళీ చేయించు, మెట్ల పక్క బాత్రూం బల్బు మార్పించు. ఆమె నేలమీదే పడుకుంటానంటుంది, మంచం వెయ్యి.

నీ చెల్లెలు