పాలపన్ను ఊడకమునుపే

శాలిబండలోని మా అద్దెయింట వెలుతురు వీధికిటికీ ఇచ్చినంతే. అమ్మాయికి ఆరో ఏడు. ముందుపన్ను కదులుతోంది. అది ఊడకమునుపే ఆ నవ్వును పట్టుకోవాలని నా ఆరాటం.

చేతనున్నది 2006 నాటి నికాన్ డీ40. దానితో వచ్చిన 18-55 కటకం 55 వద్ద ఎఫ్/5.6ను మించి తెరుచుకోదు. మా గదిలో తీస్తే పిల్ల కాదు, పిల్ల వెళ్ళిన జాడ పడుతుంది. ఫ్లాష్ వేస్తే మొహం సున్నం కొట్టిన గోడ. ఎఫ్/1.8 దాకా తెరుచుకునే 50 ఎంఎం అయితే దాదాపు 10 రెట్ల వెలుతురును రానిస్తుంది. 85 మీద మోజు లేకపోలేదు. ధర అటుంచి, వెనక్కి జరగడానికి చోటేదీ?

50లోనూ పాత 'డీ' చవక. కానీ డీ40లో ఫోకస్ మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాలి. తిప్పేలోగా అమ్మాయి వంటింట్లో ఉంటుంది. 2011లో వచ్చిన 'జీ'కి మోటారు కటకంలోనే ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో అదే తీసుకున్నాను, నెల్లాళ్ళు తటపటాయించి.

ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో ఈ నగరంలోనే పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. ఆ గాజుపలకల కాలంలో పిల్లలను కదలకుండా ఎలా కూర్చోబెట్టేవారో!

మీటరు దూరాన 1.8 వద్ద స్పష్టత నిలిచే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. అందుకని 2.8కి కుదించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నవ్వమంటే పెదవులు బిగించింది.

"నిన్ననే ఊడింది నాన్నా," అంటూ గుప్పిట నా ముందుకు చాచి తెరిచింది.

నొక్కాను. ఫోకస్ అరచేతిలోని పన్ను మీద నిలిచింది. వెనక మొహం మసక.