తెరపై ఒక మాట

మా అన్నయ్య పైచదువుకై అమెరికా వీసా కోరి, హైదరాబాదులో ముఖాముఖి ముగించుకొని రోలుగుంటకు తిరిగి వచ్చినాడు. చేతిలో ఒక కాగితం: 1952 నాటి వలస చట్టం, 221(జి) సెక్షను, మరికొంత పరిశీలన అవసరమట.

నాటినుండి ఉదయం టీ కాగకముందే ఫోనులో దరఖాస్తు సంఖ్య కొట్టి చూడడం మాకు నిత్యవిధి అయినది. ప్రతిదినమూ ఒకే మాట: "తిరస్కరించబడినది". పరిశీలనలో నున్న దరఖాస్తుకూ అక్కడ ఆ మాటే చూపుతారని, అది తుది తీర్పు కాదని అన్నయ్య ఎన్నిమార్లు చెప్పినా అమ్మ నమ్మలేదు. "కాదన్నాక ఇంకేటి చూస్తార్రా?" అనేది. లోలోపల మేమూ అదే అనుకొనేవారము. నాన్నగారు మాత్రం ఏమీ అనక నర్సీపట్నం వెళ్లి, పొలం తాకట్టు అప్పుకు వడ్డీ కట్టి వచ్చేవారు.

తరగతులు మొదలయ్యే తేదీ దాటినది. అక్కడివారు ప్రవేశాన్ని మరుసటి విడతకు మార్చినారు. ఆనాటి రాత్రి అమ్మ, సర్దిన పెట్టెలోని ఆవకాయ పొట్లం విప్పి మాకు వడ్డించినది. తక్కిన సామాను కదపనివ్వలేదు.